ఓటర్ల జాబితాలో దాదీ పేరు

మొన్న ఏడో తరగతిలో పిల్లల్ని "మీ దాదీ పేరేమిటి?" అని అడిగాను. సగం మంది "దాదీయే సార్" అన్నారు. క్లాసంతా ఒకటే నవ్వు. నాకు మాత్రం 1951 నాటి సంగతి గుర్తుకొచ్చింది.

"రాజకీయాలు మనకెందుకు భాయ్?" అనే మాట మన మొహల్లాల్లో తరచు వింటాం. అలా అనేవాళ్ళంతా బద్ధకస్తులని నేననుకోను. చరిత్ర చూస్తే మనిషి దూరంగా ఉండటానికి ముఖ్యంగా మూడు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది, తలుపు మూసి ఉండటం. 1937 ఎన్నికల్లో బ్రిటిష్ ఇండియా అంతటా ఓటున్నవారు సుమారు 3 కోట్ల మందే. ఆస్తి, పన్ను, చదువు ఉంటేనే ఓటు. మన హైదరాబాద్ సంస్థానం ఆ లెక్కలోకే రాదు. ఇక్కడ స్టేట్ కాంగ్రెసును 1938లో నిషేధించారు. పాలకుడు ముస్లిం అయినంత మాత్రాన బీద ముస్లింకు పాలనలో నోరు ఉండేదా? లేదు. టాంగా తోలేవాడికీ, పొలంలో కూలికీ ఒకటే గతి.

రెండోది భయం. రజాకార్ల దౌర్జన్యాలతో పల్లెలు తల్లడిల్లాయి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. ఆ వెనుక ముస్లింల మీద జరిగిన హత్యాకాండను విచారించిన సుందర్‌లాల్ కమిటీ, చనిపోయినవారు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక 2013 దాకా జనానికి అందుబాటులోకి రాలేదు. అటువంటి రోజులు చూసినవారు "తలదించుకుని బతుకుదాం" అనుకుంటే తప్పుపట్టగలమా? అయితే ఆ భయాన్ని పిల్లలకు ఆస్తిలాగా అప్పగించి పోవడం మాత్రం తప్పే.

మూడోది, పైకి చాలా చిన్నగా కనిపించేది: పేరు లేకపోవడం. రాజ్యాంగం వచ్చాక 21 ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ ఓటు వచ్చింది. 1951-52 ఎన్నికలకు 17 కోట్లకు పైగా ఓటర్లు. వారిలో ఎక్కువమందికి చదువు రాదు కనుక గుర్తులు పెట్టారు, ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టారు. కాని జాబితా రాసేవారు గడప దగ్గర నిలబడి అడిగితే, లక్షలాది స్త్రీలు తమ పేరు చెప్పలేదు. "ఫలానావారి భార్యను, ఫలానావారి తల్లిని" అన్నారు. ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ గారు దానికి ఒప్పుకోలేదు. సొంత పేరు లేనివారిని జాబితాలోంచి తీసేశారు. అలా సుమారు 28 లక్షల మంది తల్లులు ఓటు పోగొట్టుకున్నారు. ఎక్కువమంది బీహార్, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ వైపు వారు. ఇందులో ఒక మతమని లేదు, అన్ని ఇళ్ళలోనూ అదే పద్ధతి.

అదే ఎన్నికల్లో మన హైదరాబాదులో ఏం జరిగిందో చూడండి. మాసూమా బేగం గారు పాతబస్తీ నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. 1960లో ఆంధ్రప్రదేశ్ మంత్రి కూడా అయ్యారు. పోలీసు చర్య జరిగి నాలుగేళ్ళయినా నిండకముందే ఒక ముస్లిం మహిళ తన సొంత పేరుతో జనం ముందుకు వచ్చి ఓటు అడిగింది! చదువు, అంజుమన్ల ద్వారా చేసిన సేవ ఆమెకు ఆ ధైర్యమిచ్చాయి.

దేశంలో కూడా మార్పు వచ్చింది. 1962లో పురుషుల్లో సుమారు 63 శాతం ఓటు వేస్తే, స్త్రీలలో 47 శాతమే వేశారు. 2019 నాటికి ఇద్దరూ సమానమయ్యారు. ఆడవారికి రాజకీయాలంటే ఇష్టం లేదనే మాట నిజమైతే ఈ లెక్క ఎలా వచ్చింది? తలుపు తెరిచి, భయం తగ్గి, పేరు ఎక్కితే మనిషి తానే నడిచి వస్తాడు.

ఏ పార్టీకి వెయ్యాలో చెప్పడం నా పని కాదు, మన సంఘం పని కూడా కాదు. కాని పెళ్ళై వచ్చిన కోడలి పేరు, 18 ఏళ్ళు నిండిన అమ్మాయి పేరు జాబితాలో ఉన్నదీ లేనిదీ చూడటం ప్రతి ఇంటి పెద్ద పని. పాత ఇల్లు మారినవారి పేర్లు కూడా చూడండి. అక్షరం తప్పు పడితే ఎన్నికల రోజున కాదు, ఇవాళే దిద్దించండి.

మా క్లాసు పిల్లలకు ఇంటి పని ఇచ్చాను: దాదీ పేరు, నానీ పేరు అడిగి నోటుపుస్తకంలో రాసుకు రమ్మని. మర్నాడు అందరూ రాసుకొచ్చారు. ఒక అబ్బాయి మెల్లిగా చెప్పాడు, "సార్, నేనడిగితే దాదీ ఏడ్చింది. ఎవరూ అడగలేదంట."

ఈ సంచిక చదివి పక్కన పెట్టేముందు మీరు కూడా ఒకసారి అడగండి.