తాళంచెవులు అప్పగించిన సభ

భద్రాచలం నుంచి దుమ్ముగూడెం, చర్ల వైపు బస్సెక్కితే ఊరు దాటగానే రాష్ట్రం మారిపోతుంది. ఎటపాక, పురుషోత్తపట్నం ఆంధ్రప్రదేశ్‌వి. కాసేపటికి బస్సు మళ్లీ తెలంగాణలోకి వస్తుంది. రాముడి గుడి ఒక రాష్ట్రంలో ఉంటే, ఆ రాముడి భూములు పక్క రాష్ట్రంలో ఉన్నాయి.

ఈ గీత 2014 మే 29న పడింది. తెలంగాణ పుట్టడానికి ఇంకా నాలుగు రోజులుంది. పోలవరం ముంపు పేరుతో చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలనూ, భద్రాచలం, బూర్గంపాడు మండలాల్లో కొన్ని ఊళ్లనూ ఆంధ్రకు కలుపుతూ ఆర్డినెన్సు వచ్చింది. కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది, రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ సంతకం చేశారు. కొత్త రాష్ట్రానికి అసెంబ్లీ కూర్చునేలోపే సరిహద్దు జరిగిపోయింది. పార్లమెంటు జులైలో, లోక్‌సభ 11న, రాజ్యసభ 14న, దానికి చట్టం ముద్ర వేశాయి.

అమెరికాలో స్థిరపడిన ఖమ్మం జిల్లా వాళ్ల మధ్య ఈ సంగతి వచ్చినప్పుడల్లా ఒకరు కాకపోతే ఒకరు అనే మాట ఒకటుంది: ‘ఈ దేశంలో అయితే ఇలా రాత్రికి రాత్రి సంతకంతో కుదరదు.’ కాగితం మీద చూస్తే ఆ మాట నిజమే. మన రాజ్యాంగంలోని 123వ అధికరణం లాంటిది అమెరికా రాజ్యాంగంలో లేదు. అక్కడి అధ్యక్షుడికి ఆర్డినెన్సు తెచ్చే అధికారమే లేదు. అయితే కాగితం 1787 నాటిది. ఆ తర్వాతి కథ వేరు.

ఫిలడెల్ఫియాలో ఆ రాజ్యాంగం రాసినవాళ్లు అప్పుడే ఒక రాజును వదిలించుకుని వచ్చారు. అందుకే మొదటి అధికరణమంతా చట్టసభకే ఇచ్చారు. ఆ సభ పేరు కాంగ్రెస్, మన పార్టీతో దానికి సంబంధం లేదు. చట్టం చేయడం, పన్ను వేయడం, ఖజానా తెరవడం, యుద్ధం ప్రకటించడం అన్నీ దాని పనులే. అధ్యక్షుడి వంతు రెండో అధికరణం, మొదటిదాంట్లో సగం కూడా ఉండదు. సేనలకు అధిపతి, బిల్లును తిప్పి పంపే వీటో, సెనేట్‌లో మూడింట రెండు వంతులు ఒప్పుకుంటేనే ఒప్పందాలు. చట్టాలు సరిగా అమలయ్యేలా చూడమని ఒక బాధ్యత.

పదహారేళ్లు తిరక్కుండానే ఆ హద్దు కదిలింది. 1803లో థామస్ జెఫర్సన్ ఫ్రాన్స్ నుంచి లూసియానా ప్రాంతాన్ని కోటీ యాభై లక్షల డాలర్లకు కొన్నాడు. దేశం వైశాల్యం దాదాపు రెట్టింపయింది. ఇలా భూమి కొనే అధికారం రాజ్యాంగం తనకిచ్చిందా అని ఆయనకే అనుమానం. సవరణ తెద్దామనీ అనుకున్నాడు. బేరం చేజారుతుందన్న భయంతో ఆ ఆలోచన మానుకున్నాడు. సెనేట్ ఒప్పందాన్ని ఆమోదించింది. 1861లో అంతర్యుద్ధం మొదలవగానే అబ్రహాం లింకన్ హెబియస్ కార్పస్ హక్కును కొన్నిచోట్ల తనంతట తాను నిలిపేశాడు. అది చట్టసభ పని అని ప్రధాన న్యాయమూర్తి టానీ తీర్పు రాసినా లింకన్ ఖాతరు చేయలేదు. రెండేళ్లకు కాంగ్రెసే చట్టం చేసి ఆ అధికారం ఆయనకిచ్చింది.

పోడు భూములకూ రిజర్వు ఫారెస్టుకూ మధ్య గీత ఎక్కడ పడుతుందోనని నలిగిపోయిన ప్రాంతం వాళ్లకు 1907 నాటి ముచ్చట ఒకటి బాగా అర్థమవుతుంది. అడవులను రిజర్వుగా ప్రకటించే అధికారాన్ని కాంగ్రెస్ 1891లో అధ్యక్షుడికిచ్చింది. థియొడోర్ రూజ్‌వెల్ట్ దాన్ని ఎడాపెడా వాడుతుంటే పడమటి రాష్ట్రాలు గోలపెట్టాయి. ఆరెగాన్ సెనేటర్ ఫుల్టన్ వ్యవసాయ నిధుల బిల్లుకు ఒక సవరణ తగిలించాడు: ఆరు రాష్ట్రాల్లో ఇకమీదట కాంగ్రెస్ అనుమతి లేకుండా కొత్త రిజర్వులు పెట్టకూడదు. ఆ బిల్లును వీటో చేస్తే శాఖకు డబ్బు ఆగిపోతుంది. సంతకం పెట్టడానికి మాత్రం కొద్ది రోజుల గడువుంది. ఆ గడువులోనే అటవీ శాఖాధిపతి గిఫర్డ్ పిన్షో మనుషులు పటాలు ముందేసుకుని గీతలు గీశారు. ఆ ఆరు రాష్ట్రాల్లోనే కోటీ అరవై లక్షల ఎకరాలను రిజర్వు చేసేశాక, రూజ్‌వెల్ట్ తాపీగా బిల్లు మీద సంతకం పెట్టాడు. జనం వాటికి ‘అర్ధరాత్రి అడవులు’ అని పేరు పెట్టారు. ఇవాళ ఆ చెట్ల కింద తిరిగే తెలుగు కుటుంబాలకు అవి చల్లగానే ఉంటాయి.

అదే రకం సంతకం 1942 ఫిబ్రవరి 19న ఇంకో పని చేసింది. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఇచ్చిన 9066 నంబరు ఎగ్జిక్యూటివ్ ఆర్డరుతో సుమారు 1,20,000 మంది జపాన్ సంతతి వాళ్లను శిబిరాలకు తరలించారు. వాళ్లలో ఎక్కువమంది అమెరికా పౌరులే. కాంగ్రెస్ యుద్ధం ప్రకటించడం కూడా ఆ ఏడాదితోనే ఆఖరు. కొరియా, వియత్నాం, ఇరాక్ యుద్ధాలేవీ అలాంటి ప్రకటనతో జరిగినవి కావు.

వియత్నాం దెబ్బ తిన్నాక కాంగ్రెస్ మేలుకుంది. 1973లో నిక్సన్ వీటోను తోసిపుచ్చి, అనుమతి లేని యుద్ధానికి అరవై రోజుల గడువు పెట్టింది. 1976లో అత్యవసర పరిస్థితుల చట్టం చేసింది. అధ్యక్షుడు ఎమర్జెన్సీ ప్రకటించినా, ఉభయ సభలూ తీర్మానం చేస్తే చాలు, ఆయన సంతకంతో పని లేకుండా అది రద్దవుతుంది. ఇచ్చిన తాళంచెవిని అడిగి తీసుకోవడానికి ఏర్పాటన్నమాట.

ఆ ఏర్పాటు మన రక్తసంబంధీకుడొకడి కేసులో కూలిపోవడం విచిత్రం. జగదీశ్ రాయ్ చద్దా భారత సంతతివాడు, కెన్యాలో పుట్టాడు. చదువుకోవడానికి అమెరికా వచ్చాడు. వీసా అయిపోయాక అతన్ని పంపేయనక్కర్లేదని ఇమిగ్రేషన్ అధికారి అంటే, ప్రతినిధుల సభ ఒక్కటే తీర్మానం చేసి పంపేయమంది. 1983లో సుప్రీంకోర్టు చద్దా వైపు నిలిచింది. అధ్యక్షుడి ముందుకు వెళ్లని తీర్మానానికి చట్టం బలం లేదంది. చద్దా నిలబడ్డాడు, సభల చేతిలోని కళ్లెం తెగింది. ఇప్పుడు ఎమర్జెన్సీని రద్దుచేసే తీర్మానం మీద, దాన్ని ప్రకటించిన అధ్యక్షుడే సంతకం పెట్టాలి. పెట్టకపోతే రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. 2019లో సరిహద్దు గోడ కోసం ట్రంప్ ఎమర్జెన్సీ పెడితే ఉభయ సభలూ వద్దన్నాయి, సెనేట్‌లో 59 మంది ఓటేశారు. మార్చి 15న వీటో పడింది. ఎమర్జెన్సీ అలాగే నడిచింది. కార్టర్ 1979 నవంబరులో ఇరాన్ మీద పెట్టిన ఎమర్జెన్సీని రెండు పార్టీల అధ్యక్షులూ ఏటేటా పొడిగిస్తూ వచ్చారు.

తెలుగువాళ్లకు ఇదంతా చరిత్ర పాఠంలా అనిపించిన రోజులు పోయాయి. 2020 జూన్ 22న ఒక ప్రకటనతో కొత్త హెచ్-1బి వీసాల మీద వచ్చేవాళ్లను ఆపేశారు. 2025 సెప్టెంబరు 19, శుక్రవారం నాడు ఇంకో ప్రకటన వచ్చింది: కొత్త హెచ్-1బికి లక్ష డాలర్లు కట్టాలి. అది పాతవాళ్లకు వర్తించదని మర్నాడు వివరణ వచ్చేలోపు, సెలవు మీద ఊరొచ్చినవాళ్లు పెట్టెలు సర్దుకుని శంషాబాద్‌కు పరుగెత్తాల్సి వచ్చింది. ఈ రెంటికీ ప్రధాన ఆధారం ఇమిగ్రేషన్ చట్టంలోని ఒకే వాక్యం. దేశానికి నష్టమని అధ్యక్షుడు అనుకుంటే, ఏ తరగతి విదేశీయుల రాకనైనా తాను తగినదనుకున్నంత కాలం నిలిపేయవచ్చని దాని సారాంశం. 2018లో సుప్రీంకోర్టు 5-4తో దానికి విశాలమైన అర్థమే చెప్పింది. మన ఆర్డినెన్సుకైతే పార్లమెంటు కూర్చున్నాక ఆరు వారాలే ఆయుష్షు. ఈ వాక్యానికి అలాంటి గడువేమీ లేదు.

ఆ వాక్యం 1952 నాటిది. అప్పటి అధ్యక్షుడు హారీ ట్రూమన్. కొరియా యుద్ధం సాగుతుండగా సమ్మె భయంతో ఆయన ఉక్కు మిల్లులను స్వాధీనం చేసుకున్నాడు. ఏ చట్టం కింద అని సుప్రీంకోర్టు అడిగింది. చూపించడానికి చట్టం లేదు. 6-3తో మిల్లులు వెనక్కి ఇప్పించింది. ఆ తీర్పు వచ్చింది జూన్ 2న, తెలంగాణ వాళ్లు మరిచిపోలేని తేదీ. అధ్యక్షుడి దూకుడుకు అంత గట్టిగా అడ్డుపడిన తీర్పు అమెరికా చరిత్రలో అరుదు. అదే నెలలో వీసాల వాక్యమున్న ఇమిగ్రేషన్ చట్టం ట్రూమన్ బల్ల మీదికి వచ్చింది. దేశాలవారీ కోటాలు అన్యాయమంటూ ఆయన దాన్ని వీటో చేశాడు. కాంగ్రెస్ ఊరుకోలేదు. ఆయన మాట తోసిపుచ్చి, కోర్టు తీర్పు వచ్చిన పాతికరోజులకే, జూన్ 27న, ఆ అధికారాన్ని తానే అధ్యక్షుడి చేతిలో పెట్టింది.