నిఘంటువుంది, లిపి ఉంది... మరి సవర బతకడానికి ఇంకేం కావాలి?



చదువుల కోసం బొబ్బిలి దిగిన మనలో సవరలున్నాం, జాతాపులున్నాం, గదబలున్నాం. హాస్టల్లో అందరం తెలుగే మాట్లాడతాం. అందులో తప్పేం లేదు. కానీ ఇంటికెళ్ళాక కూడా తెలుగేనా? అసలు సమస్య అక్కడుంది.

సవర తెలుగుకి చుట్టం కాదు. అది ముండా కుటుంబం భాష. సంతాలీ, ముండారీ దగ్గరి బంధువులు. దూరపు బంధుత్వం కంబోడియాలోని ఖ్మేర్ దాకా పోతుంది.

మన భాషకి చరిత్ర లేదనేవాళ్ళకి ఇవి చెప్పండి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తి పంతులుగారు సవర నేర్చుకుని, 1931లో ఆ భాష మీద ఇంగ్లిష్‌లో మాన్యువల్, 1938లో సవర-ఇంగ్లిష్ నిఘంటువు తెచ్చారు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరిపేది ఆయన పుట్టినరోజునే. 1936లో మంగై గొమాంగో సొరాంగ్ సొంపెంగ్ లిపి తయారుచేశారు. 2012లో అది యూనికోడ్‌లోకీ ఎక్కింది. మన రాష్ట్రంలో సవరతో పాటు కువి, కొండ లాంటి భాషల్లో తెలుగు లిపితో చిన్నపిల్లల వాచకాలూ వచ్చాయి. 2011 జనాభా లెక్కల్లో సవర మాట్లాడేవాళ్ళు 4 లక్షల పైనే, ఎక్కువమంది ఒడిశాలో.

ఇన్ని ఉన్నాయి కదా, ఇక భయమెందుకు అంటారా?

పాపువా న్యూగినీలో 800కి పైగా భాషలున్నాయి. అక్కడ గాపున్ అనే ఊళ్ళో తయాప్ భాష ఉంది. మాట్లాడేవాళ్ళు కొద్దిమందే అయినా తరతరాలు నిలిచింది. 1980లలో డాన్ కులిక్ అనే పరిశోధకుడు వెళ్ళేసరికి చిన్నపిల్లలు దాన్ని మాట్లాడ్డం మానేశారు. ఎవరూ నిషేధించలేదు. పెద్దలు పిల్లలతో ఎక్కువగా తోక్ పిసిన్‌లో మాట్లాడారు, అంతే.

అంత దూరం పోనక్కర్లేదు. జాతాపులు కోందుల శాఖ అని పాత రాతల్లో ఉంది. కోందుల భాష కువి, కుయి. ఇప్పుడు జాతాపుల ఇళ్ళలో చాలావరకు తెలుగే. పల్లంతో సంత, సేద్యం, బడి పెరిగేకొద్దీ ఇంటి మాట మారిపోయింది.

అందుకే చెప్తున్నాను. నిఘంటువు మాటని దాచిపెడుతుంది, బతికించలేదు. అవ్వ మనవరాలితో మాట్లాడితేనే భాష బతుకుతుంది. ఈసారి కందికొత్తకి ఊరెళ్ళినప్పుడు తమ్ముడితో, చెల్లితో మన భాషలోనే మాట్లాడండి. రాకపోతే అవ్వనడిగి నేర్చుకోండి. చెట్ల పేర్లు, విత్తనాల పేర్లు ఫోన్లో రికార్డు చెయ్యండి.

మీ ఇంట్లో చంటిపిల్లలతో ఏ భాష మాట్లాడుతున్నారో కింద రాయండి. నిజమే రాయండి.