అంబామఠం జాత్రెలో బకెట్ ఆట

కాలవ గురించి, మొదటి కారు వరి గురించి ఇక్కడ చాలా రాసుకున్నాం. ఈసారి ఒక బకెట్ గురించి.

1953లో తుంగభద్ర నీళ్ళు వదిలాక మనవాళ్ళు కోస్తా జిల్లాల నుంచి ఒక్కొక్కరే వచ్చి సింధనూరు చుట్టూ క్యాంపులు వేసుకున్నారు కదా. ఇక్కడివాళ్ళతో కలిసి ఆనందంగా తిరిగే చోటంటే బనద హుణ్ణిమెకి, అంటే మన పుష్య పౌర్ణమికి, జరిగే అంబాదేవి జాత్రె. డెబ్బైల్లో మా చిన్నతాతయ్య అక్కడ దేవి దర్శనం తర్వాత నేరుగా వెళ్ళేది బకెట్ ఆట దగ్గరికే.

ఆట చాలా తేలిక. బకెట్ నిండా నీళ్ళు, అడుగున చిన్న గిన్నె. పైనుంచి పావలా వదలాలి. గిన్నెలో పడితే రూపాయి ఇస్తాడు, పక్కన పడితే పావలా వాడిది. చూస్తే ఎవడైనా వేయగలననుకుంటాడు. కానీ బిళ్ళ నీళ్ళలో బల్లపరుపుగా దిగితే ఎండుటాకులా అటూ ఇటూ ఊగి ఎక్కడో పడుతుంది. (ఇలా పడే బిళ్ళల ఊగుడు మీద శాస్త్రవేత్తలు 1997లో నేచర్ పత్రికలో వ్యాసమే రాశారు.)

చిన్నతాతయ్య ఏడాదంతా ఇంట్లో గంగాళంలో సాధన చేశాడు. కిటుకు దొరికింది: బిళ్ళని అంచు మీద నిలబెట్టి, నీటిని తాకించి, వేళ్ళు మెల్లగా వదలాలి. ఆ జాత్రెలో పదకొండు రూపాయలు గెలిచాడట. నాయనమ్మ లెక్క ప్రకారం ఏడే. ఏదైనా కూలి డబ్బుల కంటే ఎక్కువే.

మరుసటి ఏడు ఆటవాడు పలక మీద రూల్ మార్చేశాడు. పది పైసల బిళ్ళే వేయాలి, గెలిస్తే రూపాయి. జనం ఎగబడ్డారు, పదికి వంద కదా! చిన్నతాతయ్యకి మాత్రం వెంటనే అర్థమైంది. పావలా రాగి-నికెల్ బిళ్ళ, చిన్నది, బరువు. పది పైసలది అల్యూమినియం, పూలరేకుల అంచుతో వెడల్పు, తేలిక. నీళ్ళలో అది మాట వినదు. అయినా ఊరుకున్నాడా, పట్టుదలతో ఆడి, ఎరువుకి దాచిన డబ్బులో కొంత పోగొట్టుకుని రాత్రి నడిచి ఇంటికొచ్చాడు. తాతయ్య ఆర్నెల్లు మాట్లాడలేదు.

ఇది నేర్పా, అదృష్టమా అన్న వాదన మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. 1967లో సికింద్రాబాద్ క్లబ్బు కేసులో సుప్రీం కోర్టు రమ్మీని నేర్పు ఆటంది, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి గనక. కానీ పేకముక్కలు అందరికీ ఒకటే. 1995లో వీడియో గేమ్ పార్లర్ల కేసు, ఎం.జె. శివానీ వర్సెస్ కర్ణాటక, వచ్చినప్పుడు నేర్పు ఆటలకి లైసెన్సు ఎందుకని యజమానులు వాదించారు. కోర్టు ఒప్పుకోలేదు. మిషన్‌ని మార్చేస్తే ఎంత నేర్పరి అయినా గెలవలేడని కూడా అంది. ఆ ముక్క చదివినప్పుడు నాకు పది పైసల బిళ్ళే గుర్తొచ్చింది.

గంగాళం ఇంకా వెనక వరండాలోనే ఉంది. అందులో మూడు పావలాలు. 2011 జూన్ 30 నుంచి అవి చెల్లవు, అయినా సంక్రాంతికి పిల్లలొస్తే నీళ్ళు పోసి అవే వదులుతారు.