పది కిలోమీటర్లకు పైన

జనగణన పుస్తకాల్లో ప్రతి ఊరికీ ఒక వరుస ఉంటుంది. ఇళ్లెన్ని, మగవాళ్లెందరు, ఆడవాళ్లెందరు, బడి, ఆసుపత్రి, బస్సు, రైలు ఉన్నాయా లేవా. లేకపోతే ఎంత దూరం? దానికి మూడే జవాబులు: 5 కిలోమీటర్ల లోపు, 5 నుంచి 10, 10కి పైన. హనుమంతునిపాడు మండలంలోని పల్లెల వివరాలను 2011 లెక్కల్లో చదువుతుంటే నా దృష్టి ఆ మూడో జవాబు దగ్గరే ఆగింది. పదకొండు కిలోమీటర్లూ అరవై కిలోమీటర్లూ అక్కడ ఒకటే. నొప్పులొచ్చిన మనిషికి అవి ఒకటి కావు.

ఈ దూరానికి చరిత్ర ఉంది. 1876–78 కరువు తర్వాత, కరువు సీమలకు ధాన్యం చేర్చే ఆలోచనతో దక్షిణ మరాఠా రైల్వే వేసిన దారి గిద్దలూరు, మార్కాపురం మీదుగా పోయింది. కనిగిరి వైపు రాలేదు. కనిగిరి ప్రాంతం 1970 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది. ఆ ఏడు ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. 1972లో దానికి ప్రకాశం పేరు వచ్చింది. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. పాలనను ప్రజల ముంగిటికి తెస్తామన్నారు.

అదే ఏడు సెప్టెంబరు 5 నుంచి అమలయ్యేలా, ఆంధ్రప్రదేశ్‌లో అప్పటికి పెళ్లికాని హిందూ కుటుంబాల కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చే చట్టం చేశారు. ఈ రెండు మార్పులనూ మనం విడివిడిగా చదువుతాం. కలిపి చదివితే ఒక ప్రశ్న వస్తుంది. పాసుపుస్తకం కోసం మండలాఫీసు చుట్టూ తిరగాల్సిన ఆడపిల్ల ఏ బండెక్కి పోవాలి? ఊరికి బస్సు లేనప్పుడు, ఎవరినుంచి వాటా అడగాలో ఆ అన్న మోటారుసైకిలే ఆమెకు దిక్కు.

2011 జనగణన పనికి వెళ్లే దూరాన్నీ, వెళ్లే వాహనాన్నీ కూడా అడిగింది. అయితే ఆ ప్రశ్న ‘ఇతర పనివారి’కే. సేద్యగాళ్లను, వ్యవసాయ కూలీలను, ఇంటి పరిశ్రమల్లో పనిచేసేవాళ్లను అడగలేదు. పొలం ఊళ్లోనే ఉంటుందని అనుకున్నారేమో! వానలు చాలని మెట్ట ప్రాంతంలో కూలిపని వెతుక్కుంటూ పోవాల్సిందే. చీకటితోనే లేచి, వంటచేసి, సద్దికట్టుకుని, మేస్త్రీ మాట్లాడిన ఆటోలోనో ట్రాక్టరులోనో ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని వెళ్లే ఆడవాళ్ల ప్రయాణం ఆ పట్టికలో లేదు. అది వార్త అయ్యేది ప్రమాదం జరిగినప్పుడే. 2020 మే 14న ఇదే జిల్లా తూర్పున, నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర మిరపకోత కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభానికి గుద్దుకుంది. చనిపోయినవాళ్లలో స్త్రీలున్నారు. జనగణన అడిగిన ‘పనికి ప్రయాణం’లో వీళ్ల ప్రయాణం లెక్కకు రాదు.

2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీ శక్తి పథకం మొదలైంది. పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా ఆడవాళ్లకు టిక్కెట్టు లేదు. మంచిదే, టిక్కెట్టు డబ్బుల కోసం మగవాణ్ణి అడగనక్కర్లేకపోవడం చిన్న విషయం కాదు. కానీ ఉచితం అనే మాటకు బస్సు వచ్చే ఊళ్లోనే అర్థం. బస్సు రాని పల్లెలో ఆడవాళ్లు ఆటోకు డబ్బు పెడుతూనే ఉండాలి. పైగా బస్సు ఉన్నదా లేదా అన్నదొక్కటే చాలదు. ఏ వేళకు వస్తుంది? కూలి వేళకా, కాలేజీ వేళకా? సాయంత్రం తిరిగొచ్చేందుకు ఉంటుందా? ఆఖరి బస్సు వేళను బట్టి కూతురి చదువు ఆపేసే ఇళ్లుంటాయి.

2011లో ప్రకాశం జిల్లాలో వెయ్యిమంది మగవాళ్లకు 981 మంది ఆడవాళ్లు. ఈ సంఖ్యను మన వ్యాసాల్లో తరచూ వాడుకుంటాం. ఆ 981 మందీ ఎంత దూరం, దేనిమీద, ఎవరి అనుమతితో వెళ్లగలరో చెప్పే సంఖ్య మన దగ్గర లేదు. తర్వాతి జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. కూలికి వెళ్లే స్త్రీ దూరాన్ని కూడా అడగమనీ, ‘10కి పైన’ అన్న గడిని విడగొట్టమనీ మనం అడగాలి. లెక్కలోకి రాని ప్రయాణానికి బస్సు వేయమని ఏ డిపోను అడుగుతాం?