‘పాత కారు’ నిర్వచనం: కాలిఫోర్నియా పొగ పరీక్ష చట్టాల పరిణామం

కారును చట్టం ఎప్పుడు ‘పాతది’గా గుర్తించాలి? అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్ర శాసనసభ ఈ ప్రశ్నకు రెండు భిన్నమైన సమాధానాలు ఇచ్చింది.

వాయుకాలుష్య నివారణకై అక్కడ 1984 నుండి రెండేళ్లకొకసారి పొగ పరీక్ష అమలవుతున్నది. 1997 నాటి చట్టం 1974కు పూర్వపు కార్లను మినహాయించి, 2003 నుండి 30 ఏళ్లు నిండిన కార్లన్నింటికీ ఆ వెసులుబాటు కల్పించింది. దాంతో ఏటా మరికొన్ని కార్లు పరీక్ష పరిధిని దాటేవి. 2004 నాటి చట్టం ఈ కదిలే గీతను నిలిపివేసింది. 1975, అంతకుముందరి నమూనాలకే మినహాయింపు పరిమితమైంది.

పాత ఇంజన్లు మైలుకు ఎక్కువ కాలుష్యం వెదజల్లుతాయన్నది ప్రభుత్వ పక్షం. తమ కార్లు అరుదుగానే రోడ్డెక్కుతాయని, వాటి విడిభాగాలు దొరకడం లేదని సేకర్తల వాదన. 35 ఏళ్లు దాటిన, సేకరణ వాహనాలుగా బీమా చేసిన కార్లకు పూర్తి మినహాయింపు కోరిన ‘లెనో చట్టం’ బిల్లు 2025 ఆగస్టులో దిగువసభ ఆర్థిక కేటాయింపుల సంఘంలో ఆగిపోయింది.

ఫలితంగా 1975 నాటి కారుకు లేని బాధ్యత 1976 నాటి కారుకు శాశ్వతమైంది. తయారైన సంవత్సరం కారు వయసును తెలుపుతుందే గాని, అది తిరిగిన దూరాన్ని తెలుపదు. ఈ చట్టాల చరిత్రలో పరిష్కారం కాని సమస్య ఇదే.