అడ్రసు వేరు, చోటు వేరు: అట్లాస్ కంప్యూటర్ తెచ్చిన మార్పు

1962 డిసెంబరు 7న మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో అట్లాస్ కంప్యూటర్‌ను లాంఛనంగా ప్రారంభించారు. టామ్ కిల్‌బర్న్ బృందం ఫెరాంటి కంపెనీతో కలిసి కట్టిన యంత్రమది. వర్చువల్ మెమరీ దానితోనే ఆచరణలోకి వచ్చింది. చాలీచాలని మెమరీని పెద్దదిగా చూపడానికే ఆ ఏర్పాటు పుట్టిందని చెబుతుంటారు. అందులో నిజం సగమే. ప్రోగ్రాము పలికే అడ్రసుకూ, సమాచారం ఉండే చోటుకూ మధ్య ముడిని విప్పడమే అట్లాస్ చేసిన అసలు మేలు.

అంతకు ముందు ఆ ముడి బరువంతా ప్రోగ్రామర్ మీదే ఉండేది. వేగంగా పనిచేసే కోర్ మెమరీ ఖరీదైనది, సమాచారం దాచే అయస్కాంత డ్రమ్ము చవకైనా నెమ్మది. ఏ ముక్కను ఎప్పుడు లోపలికి తేవాలో, దేన్ని బయటికి పంపాలో అతనే లెక్కవేసి రాసుకోవాలి. మెమరీ పరిమాణం మారితే ఆ లెక్కంతా మళ్లీ మొదటికొచ్చేది. అట్లాస్ కోర్‌లో 16,384 పదాలు, డ్రమ్ముల్లో 98,304 పదాలు పట్టేవి. కిల్‌బర్న్ బృందం రెంటినీ 512 పదాల పేజీలుగా విడగొట్టింది. కోర్‌లోని 32 పేజీలకు 32 రిజిస్టర్లు. ఎక్కడ ఏ పేజీ ఉందో అవి చెప్పేవి. ప్రోగ్రాము ఒక అడ్రసు అడగగానే యంత్రం దాన్ని ఆ రిజిస్టర్లన్నిటితో ఒకేసారి పోల్చి చూసేది. పేజీ దొరకకపోతే సూపర్‌వైజర్ అనే నియంత్రణ ప్రోగ్రాము దాన్ని డ్రమ్ము నుంచి తెప్పించేది. ఏ పేజీకి ఉద్వాసన చెప్పాలో గత వాడకాన్ని బట్టి ఒక ప్రోగ్రామే తేల్చేది. ఒకరి పేజీని మరొకరు ముట్టకుండా ప్రతి రిజిస్టర్‌కూ ఒక తాళం బిట్ కూడా ఉండేది. మెమరీని పెద్దదిగా చూపడమే లక్ష్యమైతే ఆ తాళం అక్కర్లేదు; నా వాదనకు ఇదే బలమైన సాక్ష్యం.

అడ్రసునూ చోటునూ విడదీసే ఈ ఆలోచనను బెర్లిన్‌లో ఫ్రిట్జ్-రూడాల్ఫ్ గుంట్ష్ 1950ల్లోనే తన సిద్ధాంత గ్రంథంలో రాశాడు. ఆ ఘనత అతనికి దక్కాల్సిందే. దాన్ని నడిపి చూపింది మాత్రం అట్లాసే. అనుభవజ్ఞుడైన ప్రోగ్రామర్‌కు మించి యంత్రం సర్దలేదన్న అభ్యంతరమూ వచ్చింది. అది ఒట్టి భయం కాదు. ఒకేసారి ఎక్కువ ప్రోగ్రాములు నడిపితే పేజీలు మోయడంతోనే కాలం గడిచిపోయేది. ప్రతి ప్రోగ్రామూ ఇటీవల వాడుతున్న పేజీలన్నిటికీ మెమరీలో చోటుంటేనే దాన్ని నడవనివ్వాలని 1968లో పీటర్ డెనింగ్ దారి చూపాడు. చేతి సర్దుబాటుకు యంత్రం దీటుగా నిలుస్తుందని మరుసటి ఏడాది ఐబీఎంకు చెందిన డేవిడ్ సేయర్ ప్రయోగాలతో చూపాడు.

మెమరీ చవకైన ఈ రోజుల్లో ఇదంతా ఎందుకనేవారూ ఉన్నారు. కొరతే కారణమైతే కొరతతో పాటే ఇదీ పోయేది. కానీ రెండు ప్రోగ్రాములు ఒకే అడ్రసు పలికినా వేర్వేరు చోట్లకు చేరడం వల్లే ఒకదాని తప్పు మరొకదాన్ని పాడుచేయదు. డిస్కుకు పేజీలు పంపడాన్ని పూర్తిగా ఆపేసిన కంప్యూటర్లో కూడా లైనక్స్ ప్రతి ప్రాసెస్‌కూ సొంత అడ్రసుల లోకాన్ని ఇస్తూనే ఉంది.