దేవుణ్ణి ఎవరు చేశారు? ఒక ప్రశ్న పుట్టుపూర్వోత్తరాలు

యానాం అడవిపొలంలోనైనా, గౌతమి ఒడ్డున ఏ ఊళ్లోనైనా, జ్ఞానోపదేశం తరగతిలో కూర్చున్న పిల్లల్లో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న అడగక మానరు. లోకాన్ని దేవుడు చేశాడు సరే, మరి దేవుణ్ణి ఎవరు చేశారు? చాలాసార్లు వాళ్లకు దొరికే జవాబు "అలా అడగకూడదమ్మా" అని. నా అభ్యంతరమంతా ఆ జవాబు మీదే. ఈ ప్రశ్న క్రైస్తవానికి కొత్తదీ కాదు, పరాయిదీ కాదు. పదహారు వందల ఏళ్లకు పైగా సంఘం లోపలే నలిగింది. దాన్ని అడిగినవాళ్లలో పునీతులున్నారు, నాస్తికులున్నారు, భౌతికశాస్త్రవేత్తలున్నారు. ఆ కథలో ఒక ముఖ్యమైన ఘట్టం మన గుంటూరులోనే జరిగింది.

ముందుగా ఉత్తర ఆఫ్రికాకు వెళ్లాలి. ఇప్పటి అల్జీరియాలో ఉన్న హిప్పో పట్టణానికి బిషప్పుగా ఉన్న పునీత అగస్టీను క్రీ.శ. 400 ప్రాంతంలో 'ఒప్పుకోళ్లు' అనే గ్రంథం రాశాడు. అందులో పదకొండో భాగమంతా కాలం గురించే. ఆకాశాన్నీ భూమినీ చేయకముందు దేవుడు ఏం చేస్తూ ఉన్నాడని అప్పట్లో విశ్వాసుల్ని నిలదీసేవారు ఉండేవారు. ఇలాంటి ఆరాలు తీసేవాళ్ల కోసం నరకం సిద్ధం చేస్తూ ఉన్నాడని ఎవరో హేళనగా చెప్పిన జవాబును అగస్టీను ప్రస్తావించి, తాను మాత్రం అలా చెప్పనన్నాడు. గంభీరమైన ప్రశ్నను వెక్కిరింతతో తప్పించుకోవడం ఆయనకు నచ్చలేదు. ఆయన ఇచ్చిన సమాధానం వేరు. కాలం కూడా సృష్టిలో భాగమే. లోకం లేనప్పుడు కాలమూ లేదు. కాలమే లేనప్పుడు 'అంతకుముందు' అనే మాట నిలబడదు. కాబట్టి దేవుడు కాలంలో ముందుగా పుట్టి, తర్వాత లోకాన్ని చేసిన పెద్ద శిల్పి కాడు. ఆయన కాలానికి వెలుపలివాడు.

అంతకు డెబ్బై అయిదేళ్ల ముందే, 325లో, నైసియా మహాసభ కూడా ఒక రకంగా పుట్టుక గురించే తేల్చింది. అలెగ్జాండ్రియా గురువు ఆరియస్, తండ్రి ఒక్కడే అనాది అనీ, కుమారుడు లేని ఒక దశ ఉండేదనీ బోధించాడు. బిషప్పులు దాన్ని తోసిపుచ్చి, కుమారుడు తండ్రి నుంచి జనించినవాడే తప్ప చేయబడినవాడు కాడని విశ్వాస ప్రమాణంలో రాసుకున్నారు. ఆ జననానికి తేదీ లేదు, మొదలూ లేదు. యానాంలో ఫ్రెంచివారి కాలంలో, 1846లో కట్టిన సెయింట్ ఆన్స్ ఆలయంలోనూ కాథలిక్కుల విశ్వాసానికి ఆ ప్రమాణమే పునాది.

అయితే దేవుడికి మొదలు లేదనుకుంటే ఇంకో చిక్కు వస్తుంది. ఏదో ఒకటి మొదలు లేకుండా ఉండగలిగితే, అది లోకమే ఎందుకు కాకూడదు? ఈ మాటను ఇరవయ్యో శతాబ్దంలో అందరికీ వినిపించేలా అన్నవాడు ఇంగ్లీషు తత్వవేత్త బెర్ట్రండ్ రస్సెల్. 1927 మార్చి 6న లండన్‌లో, తాను క్రైస్తవుణ్ణి ఎందుకు కాదో చెబుతూ ఆయన ఉపన్యసించాడు. దేవుణ్ణి ఎవరు చేశారన్న ప్రశ్నను తాను పద్దెనిమిదేళ్ల వయసులో జాన్ స్టూవర్ట్ మిల్ ఆత్మకథలో చదివాననీ, ఆది కారణం అనే వాదం మీద తనకు నమ్మకం పోయింది అప్పుడేననీ చెప్పాడు. ప్రతిదానికీ కారణం ఉండాలంటే దేవుడికీ ఉండాలి. కారణం లేకుండా ఒకటి ఉండవచ్చంటే అది ప్రపంచమే కావచ్చు. వాదనలో పదును ఉంది. ప్రతిదానికీ కారణం కావాలని మేము అనలేదు, మొదలైనదానికే కావాలన్నాం అని వేదాంతులు బదులు చెప్పగలరు. కానీ ఆ బదులు నిలవాలంటే లోకానికి మొదలు ఉందని చూపించాలి.

అక్కడే తోమాస్ అక్వినాస్ గుర్తుకొస్తాడు. పదమూడో శతాబ్దపు ఈ మహా వేదాంతి, లోకానికి ఆరంభం ఉందని గానీ లేదని గానీ బుద్ధితో నిరూపించలేమని తేల్చి చెప్పాడు. ఆరంభం ఉందన్నది ఆయనకు విశ్వాసం, నిరూపణ కాదు. ఆ నిగ్రహం తర్వాతివాళ్లందరికీ లేదు. ఐర్లండు ఆర్చిబిషప్పు జేమ్స్ అషర్ 1650లో బైబిల్లోని వంశావళులు కూడి, సృష్టి క్రీ.పూ. 4004లో జరిగిందని లెక్క తేల్చాడు. ఆ అంకె తర్వాత ఇంగ్లీషు బైబిళ్ల అంచుల్లో అచ్చై, లేఖనంలో భాగమేమో అనిపించేంతగా పాతుకుపోయింది.

ఇక సైన్సు వైపు చూస్తే, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చాలామంది శాస్త్రవేత్తల ఊహలో విశ్వం స్థిరం, అనాది. ఐన్‌స్టీన్ కూడా అంతే. తన సమీకరణాలు విశ్వాన్ని కదలకుండా ఉండనివ్వడం లేదని 1917లో వాటికి ఒక అదనపు పదం చేర్చి దాన్ని నిలబెట్టాడు. 1922లో రష్యాలో అలెగ్జాండర్ ఫ్రీడ్‌మన్ వ్యాకోచించే విశ్వం గణితపరంగా సాధ్యమేనని చూపించాడు. ఆ గణితాన్ని ఆకాశంలోని నెబ్యులాల (ఇప్పుడు గెలాక్సీలంటున్నాం) వేగాలతో ముడిపెట్టినవాడు ఒక కాథలిక్ గురువు.

జార్జ్ లెమేత్ర్ 1894లో బెల్జియంలోని షార్లెర్వాలో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగిదళంలో పనిచేశాడు. 1923లో గురుపట్టాభిషేకం పొంది, అదే ఏడు కేంబ్రిడ్జిలో ఖగోళశాస్త్రవేత్త ఎడింగ్టన్ దగ్గర చదువుకోవడానికి వెళ్లాడు. 1927లో, అంటే రస్సెల్ ఉపన్యాసమిచ్చిన ఏడాదిలోనే, బ్రసెల్స్ శాస్త్ర సంఘం పత్రికలో ఫ్రెంచిలో వ్యాసం రాశాడు. దూరపు నెబ్యులాలు మననుంచి దూరమవుతున్నాయంటే వాటి మధ్య ఉన్న జాగానే సాగుతోందని అందులో చెప్పి, ఆ సాగే రేటును కూడా లెక్కగట్టాడు. అమెరికా ఖగోళశాస్త్రవేత్త హబుల్ ఇదే సంగతి మీద తన ప్రసిద్ధ వ్యాసం అచ్చువేసింది రెండేళ్ల తర్వాత, 1929లో. లెమేత్ర్ వ్యాసం 1931లో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు ఆ రేటు లెక్క అందులో కనిపించలేదు. ఎవరో కుట్ర చేశారని చాలాకాలం అనుమానించారు. ఆ భాగాన్ని వదిలేసింది లెమేత్రేనని 2011లో బయటపడ్డ ఉత్తరం తేల్చింది. అప్పటికే మెరుగైన కొలతలు వచ్చాయి కాబట్టి పాతవాటితో పనిలేదనుకున్నాడు. ఘనత కోసం పాకులాడని ఈ తత్వం వల్లే ఆయన మీద నాకు గౌరవం.

1927లో ఆయన్ని కలిసిన ఐన్‌స్టీన్, నీ లెక్కలు సరైనవే గానీ నీ భౌతికశాస్త్రం దారుణంగా ఉందన్నాడు. లెమేత్ర్ వెనక్కి తగ్గలేదు. 1931 మేలో 'నేచర్' పత్రికకు ఒక చిన్న లేఖ పంపాడు. విశ్వం మొత్తం ఒకే ఒక క్వాంటంగా మొదలై ఉంటే, అది చీలేదాకా జాగాకూ కాలానికీ అర్థమే ఉండదని అందులో రాశాడు. అగస్టీను తర్కంతో వెదికిన చోటికి ఈయన క్వాంటం సిద్ధాంతం దారిలో వచ్చినట్టు కనిపిస్తుంది. కానీ రెంటినీ కలిపేయడం ఆయనకే ఇష్టం లేదు. ఆ లేఖ టైపు ప్రతిలో చివర దేవుడి ప్రస్తావన ఉన్న ఒక పేరా ఉండేది. పంపేముందు దాన్ని కొట్టేశాడు. ఆయన దేవుడు స్వభావతః మరుగై ఉన్నవాడు, యెషయా ప్రవక్త చెప్పిన గుప్త దేవుడు. సమీకరణం చివర దొరికే దేవుడు కాడు.

ఈ సిద్ధాంతానికి 'బిగ్ బ్యాంగ్' అన్న పేరు దాన్ని ఒప్పుకోని ఖగోళశాస్త్రవేత్త ఫ్రెడ్ హోయల్ 1949లో బీబీసీ రేడియోలో వాడాడు. విశ్వానికి ఆరంభం ఉందనడమంటే ఆదికాండాన్ని దొడ్డిదారిన ప్రయోగశాలలోకి తేవడమని ఆయన శంక. ఆ శంకకు బలమిచ్చినట్టు, 1951 నవంబరులో పన్నెండవ పయస్ పోపుగారు పొంటిఫికల్ సైన్స్ అకాడమీలో మాట్లాడుతూ, ఆధునిక విజ్ఞానం సృష్టికి సాక్ష్యమిస్తున్నదన్న ధోరణిలో ప్రసంగించారు. లెమేత్ర్ ఇబ్బందిపడ్డాడు. మరుసటి ఏడాది రోములో అంతర్జాతీయ ఖగోళ శాస్త్రజ్ఞుల ముందు మాట్లాడినప్పుడు పోపుగారు ఆ వాదన మళ్లీ తేలేదు. తన సిద్ధాంతాన్ని తన మతానికి సాక్షిగా వాడతారేమోనని జంకే గురువు ఎంత అరుదు! ఆయన 1960 నుంచి చనిపోయేదాకా ఆ అకాడమీకి అధ్యక్షుడు కూడా.

ఇప్పుడు గుంటూరుకు రావాలి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన నేల మీదుగా సాగింది. ఫ్రెంచి ఖగోళశాస్త్రవేత్త జూల్ జాన్సెన్ గుంటూరులో మకాం వేశాడు. మద్రాసు నక్షత్రశాల అధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో దుర్భిణి నిలబెట్టాడు. అదే నక్షత్రశాలకు చెందిన చింతామణి రఘునాథాచారి వనపర్తిలో ఇంకో బృందాన్ని నడిపించాడు. సూర్యుడి అంచున లేచిన ఎర్రని జ్వాలల కాంతిని వర్ణపటంగా విడదీస్తే ప్రకాశవంతమైన గీతలు కనిపించాయి. అందులో ఒకటి పసుపు గీత. ఆ జ్వాలల్ని గ్రహణం లేకుండానే చూసే పద్ధతి జాన్సెన్ మర్నాడే గుంటూరులో సాధించాడు. ఇంగ్లండులో నార్మన్ లాక్యర్ కూడా విడిగా అదే పద్ధతి పట్టుకుని, ఆ పసుపు గీత సోడియానిది కాదని తేల్చాడు. భూమ్మీద ఎవరూ ఎరగని మూలకం అది. సూర్యుడి గ్రీకు పేరు మీద హీలియం అన్నారు. 1895లో విలియం రాంసే ఒక యురేనియం ఖనిజంలో దాన్ని పట్టేదాకా నమ్మనివాళ్లున్నారు.

హీలియానికీ విశ్వారంభానికీ ఏం సంబంధమంటే, విశ్వంలోని మామూలు పదార్థం బరువులో దాదాపు పావు వంతు అదే. నక్షత్రాలు హైడ్రోజన్ను కలిపి హీలియం చేస్తాయి, నిజమే. కానీ ఇప్పటిదాకా వెలిగిన నక్షత్రాలన్నీ చేసినా అంత హీలియం కుదరదు. భౌతికశాస్త్రవేత్తలు జార్జ్ గామోవ్, రాల్ఫ్ ఆల్ఫర్ 1948లో దారి చూపించారు. విశ్వం మొదటి కొన్ని నిమిషాలు విపరీతమైన వేడిలో ఉండి ఉంటే అప్పుడే ఆ హీలియం తయారై ఉండాలి. విశేషమేమిటంటే 1964లో ఈ లెక్కను గట్టిగా మళ్లీ చేసినవాళ్లు రోజర్ టేలరూ, సాక్షాత్తూ హోయలూ. తన మనసుకు నచ్చని ముగింపు వైపు పోతున్న అంకెల్ని దాచకుండా అచ్చువేశాడు. నేడు పిల్లల బుడగల్లో నింపే హీలియం భూగర్భంలో యురేనియం, థోరియం క్షయం వల్ల పుట్టింది, దానికీ దీనికీ చుట్టరికం లేదు. కానీ గుంటూరు నుంచి కనబడ్డ ఆ సూర్యజ్వాలల్లోని హీలియంలో అధికభాగం విశ్వపు తొలి నిమిషాలదే. యానాం పక్కన పారే గౌతమి నీటి బరువులో తొమ్మిదో వంతు హైడ్రోజన్. అదీ ఆనాటిదే. మిగిలిన ఎనిమిది వంతుల ఆక్సిజన్ తర్వాత నక్షత్రాల కడుపున పుట్టింది.

1964లో అమెరికాలో పెంజియాస్, విల్సన్ తమ రేడియో ఆంటెన్నాలో ఏ దిక్కుకు తిప్పినా పోని సన్నని రొద విన్నారు. ఆ వేడి విశ్వం చల్లారగా మిగిలిన కాంతి అది. ఇప్పుడు దాని ఉష్ణోగ్రత పరమశూన్యానికి 2.7 డిగ్రీలు పైన. ఈ వార్త లెమేత్ర్‌కు చివరి రోజుల్లో ఆసుపత్రి మంచం మీద అందింది. 1966 జూన్ 20న ఆయన కన్నుమూశాడు. విశ్వం వయసు ఇప్పుడు సుమారు 1380 కోట్ల ఏళ్లని లెక్క. 2018లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య, విశ్వం సాగడాన్ని చెప్పే హబుల్ సూత్రాన్ని హబుల్–లెమేత్ర్ సూత్రం అని పిలవాలని తీర్మానించింది.

మన ప్రాంతంలో ఈ ప్రశ్నకు జరిగిన మర్యాద అంత గొప్పది కాదు. యానానికి దగ్గర్లోని కాకినాడలో, పిఠాపురం రాజా కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పిన గోపరాజు రామచంద్రరావు, అందరికీ తెలిసిన గోరా, నాస్తిక భావాలు వెల్లడించినందుకు 1933లో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. తర్వాత ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు. ప్రశ్న అడిగినవాణ్ణి బయటికి పంపితే ప్రశ్న తీరిపోదు. ఇవాళ ఫోన్లలో తిరిగే సందేశాల్లో రెండు పక్షాలదీ ఒకే తొందర. బిగ్ బ్యాంగ్ బైబిల్లో ముందే ఉందని ఒకరు, బిగ్ బ్యాంగ్ దేవుణ్ణి కొట్టేసిందని ఇంకొకరు. 1988లో రెండవ జాన్ పాల్ పోపుగారు వాటికన్ నక్షత్రశాల అధిపతి జార్జ్ కోయిన్‌కు రాసిన లేఖలో, బిగ్ బ్యాంగ్‌ను మతసమర్థనకు తొందరపడి వాడుకోవద్దని వేదాంతుల్ని హెచ్చరించారు. ఆ మాట మన వేదికల దాకా చేరాలని నా కోరిక.

నిజానికి సైన్సు కూడా మొదటి క్షణం దాకా చేరలేదు. వెనక్కి వెళ్లేకొద్దీ, మొదటి సెకనులోని అతి సూక్ష్మ భాగంలో, ఐన్‌స్టీన్ సిద్ధాంతమూ క్వాంటం సిద్ధాంతమూ ఒకదానితో ఒకటి పొసగవు. అంతకుముందు ఇంకో విశ్వం కుంచించుకుపోయి ఉండవచ్చని కొందరంటారు. కాలానికి అసలు అంచే లేదని భౌతికశాస్త్రవేత్తలు హార్టల్, హాకింగ్ 1983లో ఒక నమూనా ఇచ్చారు. ఏదీ తేలలేదు. రేపు విశ్వం అనాది అనే తేలితే క్రైస్తవ విశ్వాసం కూలిపోతుందా అంటే, అక్వినాస్ దానికీ ఏడు వందల ఏళ్ల కిందటే చోటు ఉంచాడు. ఆయన దృష్టిలో సృష్టి అంటే ఎప్పుడో జరిగిపోయిన మొదటి ఘటన మాత్రమే కాదు. ఉన్న ప్రతిదీ తన ఉనికి కోసం ఈ క్షణంలో కూడా దేవుడి మీద ఆధారపడి ఉండటం. ఆ లెక్కన మొదలు లేని లోకమైనా సృష్టే.